ఎండ పడని పక్క

మిట్టూరులో జిరాక్సు షాపు మీద మేడ.
పదహారు మెట్లు.
లెక్క ఎట్లా తెలుసంటే
ఏడో మెట్టు కాడ ఒకసారి, పదకొండో మెట్టు కాడ ఒకసారి
నేను స్టాపు పెట్టుకుంటా.

సూదుల అక్క పేరు పూంగొడి. ఆంబూరు మనిషి.
తెలుగులో తమిళం కలిపి మాట్లాడతాది.
మాకది కొత్త కాదు,
చిత్తూరులో నోటికి రెండు జేబులు.

మొదటి రోజే అడిగింది:
రాయవేలూరు డాక్టరమ్మ ఒప్పుకుందా,
ప్లేట్‌లెట్లు ఎన్నుండాయి,
మాత్రలు మానేసి వచ్చినావా.
మానలేదన్నాను.
"మానితే నా మెట్లు ఎక్కొద్దు" అనింది.
అప్పుడు నమ్మినాను ఆమెను.

మా చిన్నాయన
పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమన్నాడు.
ఏ ఎముక విరిగిందని కట్టేది చిన్నాయనా?
కంచే చేను మేస్తా ఉంటే
ఏ ఆకు పెట్టి, ఏ గుడ్డ చుట్టి, యాడని కట్టేది?

ఈ జబ్బు పేరుకి తోడేలని అర్థమంట.
చిన్నప్పుడు మొగిలి గుట్టల్లో మేకలు కాసిన దాన్ని.
తోడేలైతే అరిస్తే పోతాది.
ఇది నా గొంతుతోనే అరుస్తాది.

పదకొండేండ్లు చిత్తూరు తిరుపతి బండి మీద కండక్టరుని.
ఎక్కినోళ్లందరిదీ ఒకటే ప్రశ్న:
"ఎండ ఏ పక్క పడతాదమ్మా?"
పొద్దున పోయేటప్పుడు కుడిపక్క.
సాయంత్రం వచ్చేటప్పుడు కూడా కుడిపక్కే.
తెలిసినోళ్లు ఎడమ పక్క కూర్చుంటారు.
నాకు ఏ పక్కా లేకపోయింది.
బుగ్గల మీద ఎర్రగా రెక్కలు పరుచుకున్నప్పుడు
"ఏం క్రీము పూసినావు మొగిలీశ్వరీ" అని
డిపోలో నవ్వినారు.
ఇప్పుడు పాసుల కౌంటర్లో ఉండాను, ట్యూబులైటు కింద.

నొప్పి గురించి చెప్పగలను.
తెల్లారితే వేళ్లు చిల్లర పట్టుకోవు,
పాల ప్యాకెట్టు మూల పంటితో కొరకాల.
అలుపు గురించి చెప్పలేను.
డీజిలు ఉండాది. డ్రైవరు ఉండాడు.
తాళం తిప్పితే సెల్ఫు తీసుకోదు.
జనమంతా లోపలే కూర్చోని
నన్నే చూస్తా ఉండారు:
బిడ్డ, అత్త, నానబెట్టిన బియ్యం.

పూంగొడి గుచ్చేది చీమ కుట్టినంత కూడా కాదు.
చీలమండ పైన ఒకటి, మోకాటి కింద ఒకటి,
బొటనవేలి సందులో ఒకటి.
నేను లోపల్లోపల స్టేజీలు పిలుచుకుంటా.
పూతలపట్టు. కొత్తకోట. పాకాల క్రాసు. పనబాకం.
చంద్రగిరి కాడ, అంటే ఎడమ మణికట్టు కాడ,
ఒకసారి జివ్వుమనింది.
"హోల్డాన్!" అని అరిచేసినాను.
ఆమె చెయ్యి నిలిపేసింది.
ఇద్దరం నవ్వుకున్నాము,
పద్నాలుగు సూదులూ నాతో బాటు ఊగినాయి.

నలభై నిమిషాలు.
ఫ్యాను తిరుగుతా ఉంటాది.
కింద జిరాక్సు మిషను
ఎవురిదో ఆధార్ కార్డు కక్కుతా ఉంటాది.
నన్ను ఎవురూ పిలవరు.
తగ్గేది సూదికా, ఎవురూ పిలవని ఆ నలభై నిమిషాలకా?
అడిగితే ఆమెకూ తెలీదు.
"ఏదైతే ఏమి, నిద్ర పట్టిందా?" అంటాది.
పడతాది. రెండు రాత్రులు, ఒక్కోసారి మూడు.
నాలుగో రోజు మళ్లీ ముంగిట్లోనే ఉంటాది తోడేలు.

దీన్ని నేను బాగవడం అనను.
బండి ఆగిపోతే నలుగురు దిగి తోస్తారే, అట్లా.
తోసినోళ్లు ఇంజను బాగు చెయ్యలేదు.
కానీ పాకాల దాకా పోతాది.

పోయిన బుధవారం సూదులైనాక
ఆడబిడ్డ సీమంతానికని తిరుపతి బండి ఎక్కినాను.
గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, ఎడమ పక్క సీటు.
కండక్టరు కొత్త పిల్లోడు.
"యాడికి?" అన్నాడు. పాసు చూపిస్తే "మేడం" అన్నాడు.
వెనక నుంచి ఒక ముసలాయన భుజం తట్టినాడు.
"అమ్మా, ఎండ ఏ పక్క?"
నా ముఖంలో ఏం చూసి నన్నే అడిగినాడో.

లేచి సీటు ఇద్దామనుకున్నా. ఇయ్యలేదు.
"ఈడ కూర్చో తాతా" అని జరిగినాను.
మోకాలు పట్టేసింది,
జానెడు జరిగేదానికి రెండు తూర్లు పట్టింది.
పిల్లోడు "రైట్ రైట్" అన్నాడు. గొంతు పలచన.

ఇంకా గట్టిగా అనాల నాయనా,
ఇంజను మోతలో డ్రైవరుకి వినపడదు.