ఒక్కటి తప్ప

నవ్వొద్దమ్మా, అంటాను.
పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు కనబడకూడదు,
గడ్డం నుంచి నడినెత్తికి
ముప్ఫై ఒకటికి తగ్గకూడదు, ముప్ఫై ఆరుకు మించకూడదు.
మిల్లీమీటర్లు.
నేను పెట్టిన రూలు కాదు.
ఒట్టావాలో ఎవరో స్కేలు పట్టుకుని కూర్చున్నారు.

విన్నిపెగ్‌లో, సార్జెంట్ అవెన్యూ మీద నా కొట్టు.
ఇటుపక్క మా ఇలొకానోవాళ్ళ ఎండుచేపల దుకాణం,
అటుపక్క బట్టలుతికే మిషన్ల రొద.
జనవరిలో మైనస్ ముప్ఫై నుంచి లోపలికొచ్చిన మొహాన్ని
వెంటనే ఫోటో తియ్యకూడదు.
పది నిమిషాలు కూర్చోబెడితే గానీ
మనిషి తన రంగులోకి రాదు.

ఆమె పేరు లెతెబర్హన్.
తలమీది తెల్లటి నెత్సెలా తియ్యాలా అని అడిగింది.
మతం కోసమైతే ఉంచుకోవచ్చు,
చలికోసమైతే తియ్యాలి, అన్నాను.
కాస్త ఆలోచించి
"రెండిటికీ" అంది.
ఉంచమన్నాను.

శాశ్వత నివాసి. కార్డుంది.
పాస్‌పోర్ట్ లేదు.
పారిపోయి వచ్చిన దేశాన్నే పోయి పాస్‌పోర్ట్ అడిగితే
అయితే నీకు భయం లేనట్టేగా, అని ఈ దేశం అడుగుతుందట.
అందుకని ఇంకో పుస్తకం ఇస్తారు.
చూడ్డానికి పాస్‌పోర్ట్‌కి పినతల్లి కూతురు.
అన్ని దేశాలకూ చెల్లుతుంది
ఎరిత్రియాకి తప్ప.

ఆ ముక్క మీద వేలు పెట్టి చూపించింది, దరఖాస్తులో.
"అన్ని దేశాలూ నేనేం చేసుకోను?
లావోస్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

చెల్లెలు హిరితి కంపాలా వస్తానందట.
ఇద్దరికీ ఊరుకాని ఊరు, మధ్యలో ఉంది కదా అని.
తను వచ్చేసేనాటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు.
ఇప్పుడు కాలు ఎంతుంటుందో తెలియక
మూడు సైజుల చెప్పులు కొన్నానని చెప్పింది,
అప్పుడు నవ్వింది. కెమెరా ఆపేశాక.

ఒక ఫోటో వెనక నా ముద్ర:
కొట్టు పేరు, వీధి, తేదీ.
దాని కింద
ఈ బొమ్మ ఈ మనిషిదేనని
ఆమెను రెండేళ్ళుగా ఎరిగినవాళ్ళు రాసి సంతకం చెయ్యాలి.
నేను పనికిరాను.
ఆమె పళ్ళ డాక్టరు చేశాడు.
ఈ ఊళ్ళో ఆమె పళ్ళన్నీ చూసినవాడు ఆయనొక్కడే.

నేనూ ఒక దేశం కాగితం ఇచ్చేసి ఇంకో దేశం కాగితం తీసుకున్నవాణ్ణే.
కానీ నా దాంట్లో "తప్ప" లేదు.
దాని బరువెంతో
నా తక్కెడకి తెలీదు.

గడువు తీరి మళ్ళీ వచ్చింది లెతెబర్హన్.
నేను అడగలేదు. లైట్లు సరిచేస్తుంటే తనే చెప్పింది.
కంపాలాలో పదకొండు రోజులు.
రోజూ బస్సుల దగ్గరికి వెళ్ళడం, రావడం.
హిరితిని బయటికి వదల్లేదు.
రెండు జతలు గెస్ట్‌హౌస్‌లో గిన్నెలు తోమే పిల్లలకిచ్చేసిందట.

కుర్చీలో కూర్చుంది.
అలవాటుకొద్దీ, నవ్వొ... అనబోయి
నాలిక్కరుచుకున్నాను.
ముప్ఫై మూడు మిల్లీమీటర్లు. సరిగ్గా సరిపోయింది,
ఒట్టావా వంక పెట్టడానికేం లేదు.

ఫోటో భుజాల దగ్గర ఆగిపోతుంది.
కింద, మంచు కరిగి మడుగు కట్టిన నా చాప మీద,
ఊలు సాక్సుల మీద వేసుకున్న వేసవి చెప్పులు.
మధ్య సైజువి.