గిట్టుబాటు

వెళ్ళడం ఇంకా గిట్టుబాటేనా అని అడిగావు కదా సిగ్నె,
ఫోనులో, ఏదో నములుతూ.
అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.
శనివారం వెళ్ళొచ్చి చెబుతున్నాను.

ముందు లెక్క.
టికెట్టు నాలుగు వందల ఇరవై క్రోనర్లు.
నాన్న ఇచ్చిన ఒక్క నోటుతో
మనిద్దరం లోపలికి పోయి, చెరో సాసేజీ తిని,
బస్సుకి చిల్లర మిగుల్చుకున్నవాళ్ళం.
ఈసారి ఒక్క కాఫీయే ఆ నోటుని మింగేసింది.
వరస ఇప్పుడు కాళ్ళ మీద ఉండదు, ఫోనులో ఉంటుంది.
ఎక్కువ కట్టినవాళ్ళకి వేరే దారి, దానికి నీలం తాడు.
ఒకప్పటి వెన్న రుచి చెబుతూ
ఇప్పటికీ మూతి తుడుచుకునే వయసు నాది, ఒప్పుకుంటాను.
అయినా ఆ తాడు చూస్తే ఒళ్ళు మండింది.

అద్దాల ఇల్లు తీసేశారు.
అక్కడ టోపీల కొట్టు పెట్టారు.
అందులోనూ అద్దాలున్నాయి గానీ
అవి మనల్ని ఉన్నట్టే చూపిస్తాయి.
దానికెవరైనా డబ్బులిస్తారా?

పొడుగు కొలిచే చెక్క ఎలుగుబంటి మాత్రం ఉంది.
చాచిన దాని చేతికింద దూరిపోతే పిల్లలు,
నెత్తికి తగిలితే మనుషులు.
నీ బూట్లలో వార్తాపత్రిక మడిచి కుక్కి
నిన్ను ఏడాది ముందే మనిషిని చేశాను, గుర్తుందా?
ఎలుగుకి కొత్త రంగు వేశారు.
చేతికింద అరుగుదల రంగుకి లొంగలేదు.
వేలు పెట్టి చూశాను, నున్నగా ఉంది,
ఎన్ని నడినెత్తులో.

ఇక కొండబండి.
ఎస్కిల్ లేడు.
బండి నడుమ నిలబడి, బ్రేకు కర్ర పట్టుకుని,
ఏడాది పొడవునా పడిశంతో ముక్కు ఎగబీలుస్తూ
మనల్ని లోయల్లోకి దింపినవాడు.
"పట్టుకోకు ఎస్కిల్!" అని గొంతు చించుకుంటే
మూడో దిగుడులో
అర క్షణం ఆలస్యంగా లాగేవాడు.
ఆ అర క్షణానికే మనం వెళ్ళేవాళ్ళం సిగ్నె.
మిగతా తోటంతా దానికి దారి.

ఇప్పుడు ఆ చోట బూడిదరంగు పెట్టె.
అందరికీ ఒకే వేగం, ఒకే న్యాయం.
మూడో దిగుడు దగ్గర నోరు తెరిచాను.
పెట్టెని ఏ పేరు పెట్టి పిలవను?
నోరు మూసుకున్నాను.
దిగేటప్పటికి నీకు చెప్పాల్సింది తయారైపోయింది:
గిట్టదు.

నాలుగింటికి వాన పట్టుకుంది.
జనం గొడుగుల్లోకీ కొట్ల చూరుల కిందకీ చెదిరిపోయారు.
నీలం తాడు దారిలో పురుగు లేదు.
నేను బస్సు వైపు పోతుంటే
గేటు దగ్గరి పిల్ల, చొక్కా మీద ట్యూరా అని పేరు,
తనే కేకేసింది:
"తడిస్తే పట్టాలు జారతాయండీ, బండి మాట వినదు.
పది నిమిషాల్లో ఆపించేస్తారు. ఎక్కుతారా?"
నా మోకాలు వద్దంది.
మోకాలు మాట నేనూ వినలేదు.

ముందు సీట్లో ఒక్క కుర్రాడు,
బయట తడుస్తూ వాళ్ళమ్మ.
మొదటి దిగుడు మామూలే.
రెండోది కాస్త కోపంగా ఉంది.
మూడో దానికి పైన ఆగినట్టై
వాన మొహాన కొడుతుంటే చూశాను,
ఓడరేవు దీపాలు, తడిసిన పైకప్పులు,
మన బస్సు స్టాపు.

పెట్టె ఆలస్యం చేసింది.
అర క్షణం.
ఎవరూ లాగలేదు, ఎవరూ వదల్లేదు,
వానకి అమ్మకపు ధర ఎవరూ కట్టలేదు.
అరిచాను. ఎస్కిల్ పేరే అరిచాను.
కుర్రాడు వెనక్కి తిరిగి
ఎస్కిల్ ఎవరని అడగకుండా
తనూ అదే పేరు అరిచాడు.

గిట్టిందా అంటావా?
ఎండ రోజున, నాలుగు వందల ఇరవైకి, లేదు.
వాన రోజు లెక్క నాకు చేతకాదు.
వచ్చే శనివారం మబ్బు పడుతుందంటున్నారు.
నువ్వు రెండు సెంటీమీటర్లు కుంగావని డాక్టరు అన్నాడటగా,
పాత పేపర్లు నేను తెస్తాను.
బూట్లు కాస్త వదులువి వేసుకురా.