అయామ్ అఫ్రెయిడ్, సర్

బీచ్ రోడ్డు హోటలు అడుగున
ఉతికిన దుప్పట్ల ఆవిరిలో మా బడి.
మూడు నుంచి నాలుగు దాకా.
డిక్రూజ్ మేడమ్ రైల్వే క్వార్టర్స్ నుంచి
షేర్ ఆటోలో వస్తుంది.
అరవై దాటాయి,
లిప్‌స్టిక్ మాత్రం ఒక్కరోజూ మరిచిపోలేదు.

"నో అనే మాట గొంతులోనే మింగేయాలి" అంటుంది.
గది ఖాళీ లేకపోయినా,
గీజరు చల్లారిపోయినా,
వంటగదికి తాళం పడినా,
ముందుగా "అయామ్ అఫ్రెయిడ్" అనాలి.
తల కొంచెం వంచి. చేతులు వెనక్కి కాదు, ముందుకి.

భయపడుతున్నాను అని కదా దాని అర్థం.
"గీజరు పాడైతే మనకి భయమేటండీ?"
కంచరపాలెం ఎర్నాయుడు అడిగేశాడు.
ఇస్త్రీ పెట్టెల దగ్గరివాళ్లూ నవ్వారు.
"భయం కాదు నాన్నా, మర్యాద."

నాకు తెలిసిన భయం వేరు.
రేవులో మూడో నంబరు జెండా ఎగరేసిన రాత్రి
డాల్ఫిన్స్ నోస్ దీపం తిరిగి తిరిగి వస్తుంటే
ఆ వెలుగు పడినంత మేరా
అయ్య తెప్పని వెతుకుతుంది అమ్మ.
అప్పుడు ఎవరూ తల వంచరు.
ఎవరూ సర్ అనరు.

ఐదువందల ఏడు. సీ వ్యూ.
దుప్పటి మార్చడానికి వెళ్లానా,
ఆయన కిటికీ దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డాడు.
ఏమిటీ కంపు అని అడిగాడు, ఇంగ్లీషులోనే,
మేడమ్ నేర్పని ఇంగ్లీషులో.

నాకు తెలుసు అదేమిటో.
పెద జాలరిపేట ఇసకలో
పాత వల మీద ఎండేసిన నెత్తళ్లు.
పక్కన కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతున్నది
మా అమ్మ.

"ఐ డూ అపాలజైజ్, సర్."
'డూ' దగ్గర కాస్త నొక్కి పలికాను, నేర్చుకున్నట్టే.
నెత్తళ్ల తరఫున, వల తరఫున,
అమ్మ తరఫున, అమ్మకి తెలీకుండా.
అద్దం జరిపేశాను.
సముద్రం అక్కడే ఉంది,
గొంతు నొక్కేసిన టీవీలా.

ఇంటికెళ్లి చెప్పకుండా ఉండాల్సింది.
అమ్మ బుట్ట దించి, నడుం పట్టుకుని నవ్వింది.
ముప్పయ్యేళ్లుగా పూర్ణా మార్కెట్లో
బేరమాడి, వేలితో పొడిచి, మూతి తిప్పుకుని
వెళ్లిపోయేవాళ్లకి తను చెప్పే మాట
నాకూ చెప్పింది:
"కొంటే కొను, నేపోతే మానీ బాబూ,
సేపని మాత్రం సిన్నబుచ్చకు."

మర్నాడు రాత్రి ఐదువందల ఏడు నుంచి ఆర్డరు:
క్రిస్పీ యాంకోవీ, ఏడువందల యాభై, పన్నులు అదనం.
రూమ్ సర్వీసు కుర్రాడు సెలవు.
ట్రాలీ నేనే తోసుకెళ్లాను.
మూత తీశాను. నిమ్మచెక్క, కరివేపాకు,
ఎర్రగా వేగిన మా ఇంటి ముందరి ఇసక.

ఆయన ఒకటి నమిలి, కళ్లు మూసుకున్నాడు.
"వండర్‌ఫుల్. ఏం చేప ఇది?"

తల కొంచెం వంచాను. చేతులు ముందుకే.
"అయామ్ అఫ్రెయిడ్, సర్,
ఇట్ ఈజ్ ది సేమ్ ఫిష్."

ఆయనకి అర్థమైందో లేదో.
ఇంకొకటి మాత్రం తీసుకున్నాడు.

బళ్లో మేడమ్‌కి అంతా చెప్పేశాను.
ఫిర్యాదు వస్తే ఉద్యోగం పోతుందేమోనని కూడా చెప్పాను.
"గ్రామరు తప్పు లేదు" అంది, చాలాసేపటికి.

అప్పుడు అడిగాను:
చిన్నబుచ్చకు, అని
చేప గురించి ఇంగ్లీషులో
ఎలా అంటారు మేడమ్?

కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.
తుడిచిన కాసేపటికే మళ్లీ ఆవిరి పట్టాయి.
బోర్డు మీద ఏదో మొదలుపెట్టి
అరచేత్తో చెరిపేసింది.

రేపు చెప్తానంది.
మంగళవారం సంగతి ఇది.
ఇవాళ శనివారం.