ఎత్తుగీతి

కొరుక్కుపేట కార్పొరేషన్ బడిలో
వకుళ టీచర్ బల్ల చరిచి చెప్పేది:
సీసానికి పాదాలు నాలుగు, పొడుగు పాదాలు,
ఊపిరి దాచుకుని చదవాలి.
చివర ఎత్తుగీతి లేకపోతే
అది పద్యం కాదు, దారిలో ఆగిపోయిన మనిషి.

నాకు పద్యం రాలేదు. ఊపిరి దాచుకోవడం వచ్చింది.
పదిహేను వందల మీటర్లంటే
పావుతక్కువ నాలుగు చుట్లు.
తెల్లవారుజామున ఎన్నూరు రోడ్డు మీద
కంటైనర్ లారీల పక్కన
కాశిమేడు చేపల వాసన ముక్కుకి తగిలేదాకా,
మళ్ళీ వెనక్కి.
తంగవేలు సార్ స్కూటర్ మీద వెనకాలే వస్తూ
తమిళంలో తిట్టేవాడు.
తిట్టిన రోజు బాగా పరిగెత్తినట్టు.
రెండు గుడ్లు, రాగి కంజి, ఆదివారం మేక కాళ్ళ పులుసు:
సార్ చెప్పినవన్నీ అమ్మ అప్పు చేసైనా పెట్టింది.

మొన్న ఆడి మాసంలో, మూడో చుట్టులో,
ముంగాలి ఎముక పలికింది.
అరుపు కాదు. ఎండుపుల్ల మీద పిల్లి నడిచినంత.

ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత.
డాక్టరమ్మ ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టుకుని
కాలు గురించి ఏమీ అడగలేదు.
"మీ నాన్న ఏం పని చేస్తాడు?" అంది.

మా నాన్న ఏలియా. ఇంటి వెనక రేకుల షెడ్డు.
పాత లారీ బ్యాటరీలు సుత్తితో పగలగొట్టి
పలకలు ఊడదీసి మూకుడులో కరిగిస్తాడు.
చల్లారితే వెండిలా ఉంటుంది. చిన్నప్పుడు
ఆ బిళ్ళలతోనే తొక్కుడుబిళ్ళ ఆడాను.
ఆయన చొక్కా, నా స్కూలు పావడా
ఒకే బకెట్లో నానేవి.
నాన్న నవ్వితే చిగుళ్ళంచున నీలి గీత.
వక్కాకు మరక అనుకున్నాం, ఇన్నేళ్ళూ.

ఎముకంటే రాయి కాదట.
రోజూ కూలుస్తూ రోజూ కట్టుకునే ఇల్లట.
పరిగెత్తేవాళ్ళ ఇంట్లో మేస్త్రీలకి సెలవే ఉండదట.
పాపం ఆ మేస్త్రీలకి తేడా తెలియదు.
సున్నం వచ్చిందనుకుని సీసానికి తలుపు తీస్తారు,
పీట వేసి కూర్చోబెడతారు,
ముప్పై ఏళ్ళైనా పొమ్మనరు.
పరిగెత్తితే విరుగుతుంది.
కట్టు కట్టుకుని పడుకుంటే కరుగుతుంది,
దాచుకున్నదంతా తిరిగి నెత్తుట్లోకి.
రక్తపరీక్షలో ఇరవై ఎనిమిది వచ్చింది.
సార్ ఆ కాగితాన్ని
లాప్ టైమ్ చూసినట్టు చాలాసేపు చూశాడు.

మా తాత అనేవాడు,
మనవాళ్ళు వేదం వింటే చెవిలో సీసం పొయ్యమని
ఎవరో ఎప్పుడో రాసిపెట్టారని.
నాకెవరూ పొయ్యలేదు.
బువ్వతో తిన్నాను,
నాన్న మెడ కరుచుకుని పీల్చాను.

నాన్నకి ఎవరు చెప్పారో.
ఇప్పుడు వీధి పంపు దగ్గరే నీళ్ళు పోసుకుంటాడు,
చొక్కా బయట మేకుకి తగిలిస్తాడు,
గడపకవతలే కూర్చుని
"నొప్పి తగ్గిందా పాపా" అంటాడు.
లోపలికి రమ్మంటే చేతులు చూసుకుంటాడు.
షెడ్డు మానెయ్యమని నేననలేదు.
నా స్పైక్ బూట్లు ఆ షెడ్డు కొన్నవే.

కట్టు విప్పాక
సార్ నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చాడు,
చిన్నపిల్లలకి టైమ్ చూడమని.
కొత్తగా చేరింది ఒకతి, పన్నెండేళ్ళది,
మా పక్కవీధి పిల్ల, పేరు సలోమి.
మోకాళ్ళ కింద అంతా గాలే.
గీత దగ్గర వొంగి నిలబడింది.
నా బొటనవేలు బటన్ మీద ఉంది.

"మీ ఇంటి వెనకేముంది?" అన్నాను.

"షెడ్డుందక్కా," అంది, ముందుకే చూస్తూ.
"విజిల్ ఎప్పుడు?"