పొట్టు లెక్క

ఆట వదిలాక లమారా చీపురు తీస్తుంది.
కుతాయిసిలో, రియోనీ నది హోరు గోడలోంచి వినబడే
ఆ నూటనలభై కుర్చీల హాల్లో
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమెది ఒకటే పని:
టికెట్ చింపడం, తలుపు వేయడం,
చివర్లో కుర్చీల కింద
పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊడ్వడం.

నేను పత్రికకి సమీక్షలు రాస్తాను.
చీకట్లో రాస్తాను కాబట్టి
ఒక వాక్యం మీద ఇంకో వాక్యం ఎక్కి కూర్చుంటుంది.
పొద్దున చూస్తే నా అక్షరాలే
నాకు బాకీపడ్డట్టు ముఖం చాటేస్తాయి.
అయినా చుక్కలు మాత్రం లెక్కగా ఇస్తాను,
రెండున్నర, మూడు, ఒకసారి కోపమొచ్చి అర.

"నీ చుక్కలు ఆకాశంలో పెట్టుకో ఇరోదీ,
నా లెక్క నేల మీద ఉంది"
అంది ఓ రాత్రి, చేట ముందుకు జరిపి.

చేటలో ఆ వారపు యుద్ధం సినిమా.
నిండా పొట్టు.
"ఊరు తగలబడుతుంటే నములుతూనే ఉన్నారు చూడు.
ఫిరంగులు వాళ్లవి, పటపటలు మనవాళ్లవి."
దానికి నేను మూడున్నర ఇచ్చాను.
కెమెరా పనితనాన్ని ఒక పేరా నిండా పొగిడాను.

పెళ్లి సినిమాకి పొట్టు గుమ్మం దాకా ఎగిరింది.
నవ్వుతూ నోట్లోంచి జారినది వేరట,
తడిగా ఉంటుందట, దూరంగా పడుతుందట.
విసుగుతో ఉమ్మినది కాళ్ల దగ్గరే కుప్ప.
ఈ వ్యాకరణం నాకు ఏ బళ్లోనూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం ఆమె లెక్క తప్పింది.
ఓ జనవరిలో, అద్దంలా ఉన్న నేల చూసి
కళాఖండమని ఊరంతా చాటింది.
హీటరు పాడై
అందరూ చేతులు జేబుల్లోంచి తియ్యలేదని
తర్వాత తెలిసింది.
ఆ మాట నేనెత్తితే ఇప్పటికీ చీపురు తిరగేస్తుంది.

అప్పుడొచ్చింది ఆ చిన్న సినిమా.
రైల్వే క్యాంటీన్‌లో వంటామె.
ఉద్యోగం తీసేశామని ఉత్తరం వచ్చిన పొద్దున
ఇంట్లో ఎవరికీ చెప్పకుండా
బంగాళాదుంపల తొక్క తీస్తుంది.
నాలుగు నిమిషాలు.
సంగీతం లేదు. కట్ లేదు.
"సాగదీత" అన్న మాట నా దగ్గర సిద్ధంగానే ఉంది.

ఆట అయ్యాక లమారా కేకేసింది.
టార్చి వేసి వరుస వరుసా చూపించింది,
దొంగ పడ్డ ఇల్లు చూపించినట్టు.
అయిదో వరుసలో పదకొండు గింజలు.
పొట్టు కాదు, గింజలే, కొరకనివి.
గుప్పిట్లో చెమటకి ఉప్పు కరిగి
ఒకదానికొకటి అంటుకున్నవి.
మాంసం కొట్టు ఒతియా కూర్చునే చోటు అది.
"పెళ్లాం పురిటినొప్పులప్పుడు కూడా
నమలడం ఆపని మనిషి" అంది.

ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచాను.
ఎక్కి తొక్కుకునే వాక్యాల మధ్య
అరపేజీ తెల్లగా ఉంది.
ఆ నాలుగు నిమిషాలూ నా కలం ఎక్కడికి పోయిందో
ఎంత తవ్వినా గుర్తు రాలేదు.
"సాగదీత" మాత్రం కింద స్పష్టంగా ఉంది,
బయటికొచ్చాక, మెట్ల దీపం కింద రాసుకున్నది.

చుక్కలెన్ని అని సంపాదకుడు ఫోన్ చేశాడు.
పదకొండు గింజలు అన్నాను.
తాగావా అని పెట్టేశాడు.

ఆఖరి ఆటకి లమారాని కూర్చోబెట్టి
తలుపు దగ్గర నేను నిలబడ్డాను,
తెరకి వీపు పెట్టి, మొహాలకేసి.
బూడిదరంగు వెలుగులో ఒతియా దవడ ఆగింది.
చివరి వరుసలో ఓ పిల్ల
తనకే తెలియకుండా
బొటనవేలితో గాలికి తొక్క తీస్తోంది.
నా వెనక ఏం జరుగుతోందో
వాళ్ల కళ్లల్లో చిన్నచిన్నగా కదులుతోంది.

దీపాలు వెలిగాక, ఎలా ఉందని అడిగాను.
చాలాసేపు పలకలేదు.
"ఆ కత్తి మొద్దుది" అంది చివరికి.
"ఇంట్లో అంతమంది ఉన్నారు,
ఎవరైనా సాన పట్టివ్వొచ్చు కదా."

చీపురు నా చేతికిచ్చి
కోటు వేసుకుంది.