బుధవారం, మాగ

"పులుసుకా, వేపుడికా?"
కత్తిపీట మీంచి కాలు తీయకుండానే అడిగింది నూకరత్నం.
రెండింటికీ కాదన్నాను.
పొలుసు గీకి, ముల్లు లాగి, తోలు మాత్రం ఉంచి
అరచేయంత పలకలు మూడు.
"తోలుతోటేటి పని బాబూ,
డప్పు కట్టించుకుంటావేటి?"
పక్క గంపలవాళ్ళు కూడా నవ్వారు.
హార్బరు గోడ మీద కాకి ఒకటి
నవ్వలేదు, నా సంచీనే చూస్తోంది.

సిరిపురంలో ఓ షాపు అద్దాల పెట్టెలో
గులాబీ రంగు సాల్మన్ ఉంది, చూశాను.
మంచు మీద, పేరుచీటీతో,
ఆపరేషనుకి తయారైన పెద్దమనిషిలా.
ఒక్క ముక్క ధర నా స్కూటరుకి పదిరోజుల పెట్రోలు.
ఆ మాట చెబితే నూకరత్నం మూతి తిప్పింది.
"దొరలు మన మాగనే సామనని కొనీవోరట,
మా మావ సెప్పీవోడు.
అట్టుకెల్లు. తోలు మాడ్సకు."

డాక్టరు చెప్పింది వేరు:
చేప తినండి, దానికి నూనెలో ఈత నేర్పకండి.
నా నెత్తురు కాగితం మీద రెండు అంకెల చుట్టూ
ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి మరీ చెప్పాడు.

తోలు కరకరలాడాలంటే తడి ఉండకూడదు.
ఈ ఊళ్ళోనా!
తువ్వాలు ఆరడానికి రెండు పగళ్ళు పట్టే ఊళ్ళో,
సీసాలో ఉప్పు తనలో తనే ఏడ్చే ఊళ్ళో?
పాత పంచె చింపి అద్దాను.
మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టి
స్నానం చేసొచ్చి మళ్ళీ అద్దాను,
మౌక్తికకి ఆరేళ్ళప్పుడు తల తుడిచినట్టు,
చెవుల వెనక కూడా.

ఇప్పుడు దానికి పదహారు.
పదకొండు రోజులుగా నాతో మాట్లాడదు.
బల్ల మీద వదిలేసిన బొమ్మల పుస్తకం
అడక్కుండా తిరగేశాను. అంతే.
అంతే అని నేననుకున్నాను.

ఇనప పెనం. చెంచాడు నువ్వుల నూనె.
తోలు కిందికి పెట్టగానే చుయ్యిమని
ముక్క విల్లులా వంగింది.
అట్లకాడతో నొక్కిపట్టి, ఇరవై దాకా లెక్కపెట్టి వదిలాను.
ఇక కదపకూడదు.
నాకు చేతకానిది ఇదే.
పోయిన బుధవారం ఆగలేక తిరగేస్తే
తోలంతా పెనానికే ఉండిపోయింది,
ముక్క తెల్లగా, వట్టిగా లేచొచ్చింది.

పోర్టులో నా ఉద్యోగమే ఆగిన ఓడల లెక్క.
బెర్తు ఖాళీ లేక బయట లంగరేసినవి
ఏది ఎన్ని గంటలు, ఏది ఎన్ని రోజులు.
వంటింటి కిటికీలోంచి వాటి దీపాలు కనిపిస్తాయి.
ఇవాళ ఏడు.
డాల్ఫిన్ నోస్ మీంచి లైట్‌హౌస్ వెలుగు
ఒకసారి తడిమి పోతుంది,
రమ్మనదు.
అట్లకాడ కిటికీ గట్టున పెట్టేశాను.

చప్పుడు మారింది.
పెంకుల మీది వాన ఆకుల మీదికి జారినట్టు సన్నబడింది.
అంచుల నుంచి తెలుపు పైకి పాకింది.
అట్లకాడ మొన ఆనించానో లేదో
ముక్క తనంతట తనే జరిగింది.
అప్పుడు తిరగేశాను.
తోమిన ఇత్తడి రంగు.
ఇంకో అర నిమిషం, మిరియాలు, ఒక నిమ్మచెక్క.

మూడు కంచాలు. తోటకూర, జొన్నరొట్టె.
ఇందుమతి డ్యూటీ నుంచొచ్చి చెప్పులు విప్పుతూనే
"వేపుడా?" అని కళ్ళెర్రజేసింది.
కాదు, వాసనే అలాంటిది.

మౌక్తిక వచ్చి కూర్చుంది. నేను పలకరించలేదు.
తోలు మీద గోటితో తట్టింది.
టక్.
మళ్ళీ తట్టింది. టక్ టక్.
నూకరత్నం డప్పు సంగతి నోటిదాకా వచ్చింది,
రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

తోలు ముందు తినేసి
నా కంచం వంక చూసింది.
"తోలు తినొచ్చన్నాడా నీకు, డాక్టరు?"

"ఏమో, అడగలేదు," అన్నాను.
కంచం అటు జరిపాను.