అమాస పోటు

పాటుకి నీళ్లు తీసిన ఎన్నూరు పాయ.
మోకాలి లోతు నల్ల బురద,
కుళ్లిన గుడ్ల కంపు
మూడు ఉతుకులకీ కుచ్చిళ్లు వదలదు.

దేశమ్మత్త బొటనవేలితో వెతుకుతుంది ఆల్చిప్పల్ని.
తీసి చెవి దగ్గర ఆడిస్తుంది:
గలగలంటే డొల్ల.
మాట్లాడకపోతే ప్రాణం.

నీళ్లలో ఊపిరి అయిపోతే
తలుపు బిగించుకుంటాయట,
గుండె నెమ్మది చేసుకుని
ఒంట్లో దాచిన పిండిని
గాలి లేకుండానే కరిగించుకుంటాయట.
చొరబడ్డ విషాన్ని కొంత విరిచేస్తాయట కూడా.
సీసాల్లో బురద పట్టుకెళ్లే కాలేజీ పిల్ల చెప్పింది.

"ఎన్నాళ్లు?"
"కొన్ని వారం. కొన్ని... తెలీదు."

అత్త కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు
ఒకసారి చూసింది.
బుట్టలోంచి గోరంతవి ఏరి
బురదలోకే వదిలింది.

"బిగించుకునే ఉండండే.
ఎల్లుండి అమాస.
పెద్ద పోటొస్తాది."